బట్టమేక ఈక

చాయ్ కప్పు వీధిలో పడి పగిలింది.

"లే! నా దుకాణం మెట్లెక్కకు మళ్ల!" అరిచాడు జంగప్ప సేటు.

మజహర్ నింపాదిగా లేచి సంచి దులుపుకున్నాడు. నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులవి. అతనెక్కడి మనిషో తాండూరులో ఎవరికీ తెలియదు. ఏడాదికోసారి వచ్చి నాలుగు రోజులుండి, బట్టమేక పిట్టను ఫలానా చోట చూశానని చెప్పి, గుర్తుగా ఓ ఈక ఇచ్చి పోతాడు.

ఆ కబురు జంగప్పకు పెట్టుబడి. అతని దగ్గర ఇళ్లకు పరిచే బండలు కొనే పట్నం కాంట్రాక్టరుకు బట్టమేక వేటంటే పిచ్చి. ఆ పిట్ట కనబడడమే అరుదైపోయింది.

"పోయినేడు బంట్వారం అన్నవ్. లేదు. ఈయేడు పూడూరు అన్నవ్. లేదు. కాంట్రాక్టర్ దొర నిన్న జీపేసుకొని తిరిగి తిరిగి, నన్ను తిట్టిపోయిండు."

"పిట్టకు రెక్కలుంటయ్ సేటు. దొర వచ్చేదాక కూసుంటదా?"

"బొంరాస్‌పేట దిక్కు ఉన్నయంటున్నరు గద?"

"ఆడ పిచ్చుక గూడ లేదు."

"ఒట్టేసి చెప్పు."

"వెయ్య."

"అంటే అబద్ధాలకోరువే!"

"అనుకో పో. నాకేం ఫికర్?"

మజహర్ తల ఎత్తుకునే బజారు దాటిపోయాడు. మళ్లీ రాలేదు.

జంగప్పకు మాత్రం లెక్క తెగలేదు. ఒక్క చాయ్ తప్ప ఏమీ తీసుకోనివాడు అబద్ధమెందుకు ఆడాలి? ఈకలు అసలైనవేనని కాంట్రాక్టరే అన్నాడు. సరుకు నిజం, ఊరు అబద్ధం. మరి సరుకు ఎక్కడిది? వాడు ఒట్టు వేయనన్నది బొంరాస్‌పేట మాట మీదే.

మరుసటేడు తొలి వానలకు బొంరాస్‌పేట బస్సెక్కాడు. జాడ దొరికితే దొర దగ్గర మాట నిలబడుతుంది.

బీడులో మేకలు కాస్తున్న భీమమ్మ చేయి అడ్డం పెట్టింది.

"గటు పోకు సేటు. గుడ్డు మీదుంది."

గడ్డిలోంచి పొడవాటి మెడ లేచింది.

"మజహర్ ఏడి?"

"గీ ఎండలకు పాణమిడిసిండు. ఒక్కటే గుడ్డు పెడ్తదిది. పెట్టిందంటే చాలు, రాలిన ఈక ఏరుకొని తాండూరుకు ఉరికెటోడు. తుపాకులను వేరే దిక్కు మళ్లగొట్టి వచ్చెటోడు. ఇగ ఎవరు పోతరో!"

జంగప్ప వంగి ఓ ఈక ఏరుకున్నాడు.

ఆదివారం జీపు దుకాణం ముందు ఆగింది.

"బొంరాస్‌పేటేనా సేటూ? ఈసారి గూడ తప్పు చెప్తే నీ బండలు నాకొద్దు."

"వద్దంటే మానుకోండ్రి దొరా," అంటూ జంగప్ప ఈకను బల్ల మీద పెట్టాడు. "వికారాబాద్ అవుతలి బీడ్లల్ల ఉంది. నా కండ్లతోటి చూసిన."