మంగతాయారు నొక్కని మీట

మా తాతల కాలంలో ఒంట్లో పని తీరిన కణాలు ఎవర్నీ అడక్కుండా వాటంతటవే చచ్చేవట. ఇప్పుడు నాగరికత ముదిరింది. రోజూ పొద్దున్నే ఫోన్లో జాబితా వస్తుంది. ఇల్లాలు "పోవచ్చు" అని నొక్కితే గాని ఒక్క కణమూ చావదు.

మా పక్కింటి మంగతాయారు చీమను కూడా తొక్కదు. పైగా మంగళవారం, శుక్రవారం, అమావాస్య నాడు ఇంట్లోంచి దేన్నీ సాగనంపదు. దాంతో చావాల్సిన కణాలన్నీ మొగుడు గవర్రాజు ముక్కు మీద కాపురం పెట్టాయి. ముక్కు దోసకాయంత అయింది, కొలిచి మరీ చెబుతున్నాను. సాయంత్రంలోగా నొక్కకపోతే ముక్కు కోసెయ్యడమేనన్నాడు డాక్టరు.

"నొక్కవే తల్లీ, ముక్కు పోయేలా ఉంది," అన్నాడు గవర్రాజు.

"శుక్రవారం పూట అవేం మాటలండీ? పాపం, ఉండనివ్వండి," అంటూ ఆమె ఆ ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టింది.

గవర్రాజు అద్దంలో చూసుకుని తాపీగా అన్నాడు. "అచ్చం పోయిన మా అమ్మ ముక్కేనే. పోన్లే, ఇక మన దగ్గరే ఉంటుంది."

మంగతాయారు ఫోను అందుకుంది. రాహుకాలమని కూడా చూడకుండా "అన్నీ పోవచ్చు" నొక్కేసింది.