ఎలుగుబంటి దులిపిన తువ్వాలు

మారేడుమిల్లి అడవిలో షూటింగు.

సినిమా కథ చిన్నదే. సెల్‌ఫోన్లకి అతుక్కుపోయిన పెళ్ళాంపిల్లల్ని ఒక తండ్రి నాలుగు రోజుల సెలవులకని అడవికి తీసుకొచ్చి, నానా తిప్పలు పడతాడు. కడుపుబ్బ నవ్వించే సినిమా అని పోస్టర్ మీద ముందే వేసేశారు.

తండ్రి వేషం హరిబాబుది.

ఒకప్పుడు అతను తెరమీదకి వస్తే చాలు, హాల్లో ఈలలు. ఈమధ్య వరసగా మూడు సినిమాలు బోల్తా కొట్టాయి. ఇది కూడా పోతే ఇక పిలిచేవాళ్ళుండరని అతనికీ తెలుసు, టీ పోసేవాడికీ తెలుసు.

అతని దగ్గర మిగిలింది ఒక్క తువ్వాలు. భయంతో కళ్ళు తిరిగి పడిపోబోతూ, ఆగి, భుజమ్మీది తువ్వాలుతో నేల దులుపుకుని, అప్పుడు పడతాడు. జనం పడీపడీ నవ్వేది దానికే.

"ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని ఎవరడిగినా, "పుట్టుకతో వచ్చిందండి" అనేవాడు.

ఆ రోజు రిహార్సల్. ఎలుగుబంటి రావాలి. హరిబాబు పడిపోవాలి. అది పులిహోర డబ్బా ఎత్తుకుపోవాలి. అంతే.

ఎలుగుబంటి వచ్చింది. హరిబాబు తువ్వాలుతో నేల దులుపుకుని పడ్డాడు.

ఎవరూ నవ్వలేదు.

ఎలుగుబంటి అతని చేతిలోంచి మెల్లిగా తువ్వాలు తీసుకుంది. పక్కనున్న బండరాయిని దులిపింది. దులిపినచోట వంగి ఒకసారి చూసుకుంది. అప్పుడు కూర్చుని డబ్బా మూత తీసింది.

యూనిట్టంతా గొల్లున నవ్వింది. కెమెరామన్ కళ్ళు తుడుచుకున్నాడు.

"సూపర్! ఇది ఉంచేద్దాం" అన్నాడు డైరెక్టర్ అశోక్.

నేలమీద పడున్న హరిబాబుకి ఒళ్ళు మండిపోయింది.

టీ బ్రేక్‌లో తిన్నగా ఎలుగుబంటి దగ్గరికి వెళ్ళాడు. తలకాయ తీసి పక్కన పెట్టుకుని, లోపలున్న ముసలాయన చెమటలు తుడుచుకుంటున్నాడు. డెబ్భై ఏళ్ళు ఉంటాయి.

"ఏంటయ్యా అది?"

"ఏదండి?"

"తువ్వాలు. అది నా ఐటమ్. కాపీ కొడతావా?"

ముసలాయన లేచి నిలబడ్డాడు. "పొరపాటైపోయిందండి బాబుగారూ. చెయ్యి ఆగలేదండి."

"ఆగకపోతే ఇంట్లో కూర్చో."

"ఆయ్. ఒక్క మాటండి. దులిపాక వెంటనే పడిపోకండి. శుభ్రమైందో లేదో ఓసారి చూసుకోండి. నవ్వంతా ఆ చూపులోనే ఉందండి."

"నాకే నేర్పుతున్నావా?"

ముసలాయన తల దించుకున్నాడు. చిన్నగా నవ్వాడేమో కూడా.

హరిబాబు అశోక్ దగ్గరికి వెళ్ళాడు. "ఈ అడవిలో ఆ ఎలుగుబంటైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

"సార్, కథలో ఎలుగుబంటి కావాలి కదండీ?"

"అయితే లోపల మనిషిని మార్చు."

సాయంత్రానికల్లా మార్చేశారు.

మర్నాడు పొద్దున్న హరిబాబు గెస్ట్‌హౌస్ కిటికీలోంచి చూస్తే, ముసలాయన గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. స్నానం చేసి, తల దువ్వుకుని, ఉతికిన పంచె కట్టుకున్నాడు. చెయ్యి చాచలేదు, కేకెయ్యలేదు. ఊరికే నిలబడ్డాడు.

"ఏం కావాలట?"

"ఏమీ వద్దటండి. ఒక్కసారి కనబడి వెళ్తానంటున్నాడండి" అన్నాడు ప్రొడక్షన్ మేనేజర్ చంద్రరావు.

"పడుకున్నానని చెప్పండి."

కర్టెన్ లాగేశాడు. అరగంట తర్వాత చూస్తే గుమ్మం ముందు ఎవరూ లేరు. హాయిగా టిఫిన్ చేశాడు.

మధ్యాహ్నం కొత్త ఎలుగుబంటి వచ్చింది. కుర్రాడు డాన్సర్, బాగానే గెంతాడు. నవ్వు మాత్రం రాలేదు. రెండో టేక్. మూడో టేక్. అశోక్ ముఖం వాడిపోయింది.

నాలుగో టేక్‌లో హరిబాబు నేల దులిపాడు. ఏమనుకున్నాడో, ఆగాడు. వంగి, దులిపినచోట జాగ్రత్తగా చూసుకున్నాడు. అప్పుడు పడ్డాడు.

లైట్‌బాయ్ ముందు నవ్వాడు. తర్వాత అందరూ. అశోక్ కట్ చెప్పడం మర్చిపోయాడు.

ఇన్నేళ్ళుగా ఆ ఐటమ్ తను సగమే చేస్తున్నాడు. పడినచోటే పడుకుని, హరిబాబు సిగ్గుపడ్డాడు.

"చంద్రరావు గారూ, ఆ ముసలాయన్ని పిలిపించండి."

"ఎక్కడికని కబురెట్టనండి? పొద్దున్నే బస్సెక్కేశాడు. ఫోన్ లేదు, ఓ ఊరంటూ లేదు. ఇదే నా ఆఖరి వేషం అని కూడా అన్నాడండి."

"అసలెవరాయన?"

"వీరాస్వామండి. పగటివేషాలు వేసేవాడు. ఇప్పుడెవరు చూస్తున్నారండి అవి? మీరు చేస్తున్నారని తెలిసి, ఎలుగుబంటైనా వేస్తానని తనే వెతుక్కుంటూ వచ్చాడండి."

"మరి పొద్దున్న గుమ్మంలో ఎందుకు నిలబడ్డాడు?"

"అది వాళ్ళ ఆనవాయితీ అండి. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ముఖానికి రంగేసుకుని ఆడతారు కదండీ. ఆఖరి రోజు ఆ రంగు కడుక్కుని, గుమ్మం గుమ్మానికీ వచ్చి సొంత ముఖం చూపించి వెళ్తారండి. లేకపోతే ఇన్నాళ్ళూ ఆడిందెవరో జనానికెలా తెలుస్తుంది?"

హరిబాబు లేచి కూర్చున్నాడు. "ఏ ఊళ్ళో ఆడేవాడు?"

"అన్ని ఊళ్ళూనండి. మీ పెద్దాపురం మరిడమ్మ జాతరకైతే ఏటా వచ్చేవాడట."

హరిబాబుకి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ జాతరలో నాన్న భుజాల మీద కూర్చున్నాడు. కింద ఓ వేషగాడు, ముఖమంతా రంగు, పడిపోబోతూ ఆగి, తువ్వాలుతో నేల దులుపుకుని, వంగి చూసుకుని మరీ పడ్డాడు. ఇంటికొచ్చి అమ్మ ముందు అదే చేసి చూపిస్తే, అమ్మ నవ్వి నవ్వి గోడకి ఆనుకుంది.

ఆ రంగు కింది ముఖమే పొద్దున్న అరగంటసేపు అతని గుమ్మం ముందు నిలబడి, చూసేవాళ్ళు లేక వెళ్ళిపోయింది.