మా ముక్కకి నంబరు

దాచేపల్లి దాటాక రోడ్డు పక్కన నాది లారీ టైర్ల పంక్చర్ షాపు. నంబరున్న పెద్ద రోడ్డు కదా, వెడల్పు చేస్తారని అంటున్నారు. చేస్తే ముందు కూలేది నా షాపే.

నా మనవరాలు ఫరా ఫోన్లో మ్యాపు దిద్దుతుంది. అందరూ కలిసి గీసే మ్యాపట. రోడ్ల నంబర్లు సరిచూడటం దీని పని.

"ఏమే ఫరా, మన షాపు ముందు రోడ్డు ముక్కకి నంబరు తీసెయ్యవే. ఆఫీసరోళ్లు ఇదేదో సందనుకుని పోతారు."

"కుదరదు తాతా. రోడ్డుకి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే నంబరుండాల."

"పేరు మార్చుకున్న ముద్దాయినే కోర్టోళ్లు పట్టుకోలేరు. రోడ్డునెవుడు పట్టుకుంటాడే?"

రోజూ నవ్విస్తూనే అడిగాను. నిన్న నవ్వించడం చేతకాక, దాని చేతులు పట్టుకుని ఏడ్చాను. అది తలొంచుకుని లేచి వెళ్లిపోయింది.

ఇవాళ మధ్యాహ్నం తనే వచ్చి ఫోను చూపించింది. మా ముక్క మీద నంబరు లేదు.

"శభాష్! మొండిఘటానివనుకున్నా, తాతంటే జాలుందే నీకు! ఛాయ్ తాగుతావా?"

"జాలిపడి తియ్యలా తాతా. పొద్దున్నుంచి నీకాడ ఒక్క లారీ అన్నా ఆగిందా?"

ఆగలేదు.

"ఊరవతల బైపాస్ తెరిచారు. లారీలన్నీ అటే, నంబరూ అటే. ఇంక మన రోడ్డు వెడల్పు చెయ్యరులే, షాపుకేం కాదు."

బయటికి చూశాను. నడిరోడ్డు మీద ఒక గేదె నింపాదిగా పడుకుని నెమరేస్తోంది.

"ఫరా, ఆ నంబరు మళ్లీ పెట్టెయ్ బేటీ" అన్నాను.