ఆదివారం మూగబోయే పెట్టె

ఆదివారం పదకొండు గంటలకు దెల్ఫిన్ ఫోను మోగింది.

"తోతో, పెట్టె మళ్లీ మూగబోయింది. గంటలో మీవాళ్లని వెంటేసుకుని వచ్చెయ్" అంది హోటల్ యజమానురాలు సాలుద్. తనకంటే చిన్నవాళ్లని ఆమె తోతో అనే పిలుస్తుంది; వాళ్లకి ఆమె నాంగ్, అంటే అక్క.

"వస్తున్నాం నాంగ్."

ఫోను పెట్టేసి గిటారు భుజాన వేసుకున్నాడు. పని దొరికిందన్న సంతోషం కంటే కడుపుమంటే ఎక్కువగా ఉంది.

ఒకప్పుడు ఇలోయిలో ఊళ్లో సముద్రపొడ్డున ఉన్న ఆ హోటల్లో వారానికి నాలుగు రోజులు వాళ్ల బ్యాండే వాయించేది. ఐదుగురి ఇళ్లల్లో పొయ్యి దానిమీదే వెలిగేది.

తర్వాత సాలుద్ వీడియోకే పెట్టె తెచ్చింది, తెర మీద పాట మాటలు చూపిస్తూ వాద్యాలన్నీ తనే వాయించేది. ఐదు పెసోల నాణెం వేస్తే చాలు, చేపలు తినడానికొచ్చిన ప్రతివాడూ గాయకుడే.

నాలుగు రోజులు రెండయ్యాయి. రెండు ఒకటయ్యాయి. చివరికి "అవసరమైతే కబురు చేస్తాలే" అనేదాకా వచ్చింది.

అవసరం అంటే, పెట్టె చెడిపోవడం!

రెండు నెలలుగా అది ప్రతి ఆదివారం చెడిపోతూనే ఉంది. సరిగ్గా జనం ఎక్కువగా వచ్చే రోజు.

బ్యాండు వెళ్లేసరికి పెట్టె వెనకాల మెకానిక్ గోరియో చతికిలబడి ఉన్నాడు. అరవై దాటిన బక్కపలచటి మనిషి. పొద్దున్నే వచ్చి పెట్టె తుడిచి, సరిచూసి పోవడం ఆయన పని.

"ఈసారి ఏమొచ్చిందట నోంగ్, జ్వరమా, జలుబా?" పెద్దన్నని పిలిచినట్టే నోంగ్ అంటూ, ఎకసెక్కంగా అడిగాడు దెల్ఫిన్.

"చూస్తున్నా."

"పోయిన వారమూ చూశారు. అంతకు ముందు వారమూ చూశారు."

గోరియో తల దించుకునే ఏదో మర బిగించాడు.

మధ్యాహ్నమంతా పాడారు. దెల్ఫిన్ భార్య నెనిత గొంతుకి ఆల్చిప్పలు తింటున్నవాళ్లు కూడా చేతులాపి విన్నారు. పక్కబల్ల మీది బాప్తిజం విందువాళ్లు అడిగి అడిగి పాడించుకున్నారు.

నాలుగింటికి బ్యాండు సామాను సర్దుకుంటుంటే పెట్టె ఒక్కసారిగా గొంతు విప్పింది.

"అయిపోయింది సాలుద్" అన్నాడు గోరియో చేతులు తుడుచుకుంటూ.

దెల్ఫిన్‌కి ఒళ్లు మండిపోయింది. ఈ ముసలాయనే లేకపోతే ఆ పెట్టె ఏనాడో పాత ఇనుముకి పోయేది. చచ్చినదానికి వారం వారం ప్రాణం పోస్తున్నది ఈయనే!

నేరుగా సాలుద్ దగ్గరికి నడిచాడు.

"నాంగ్, ఒక మాట చెప్తాను, కోప్పడొద్దు. ఈయనకి పని రాదు. రెండు నెలలుగా మిమ్మల్ని వెర్రిదాన్ని చేస్తున్నాడు. ఈయన్నీ పంపెయ్యండి, ఈ పెట్టెనీ పంపెయ్యండి. మా రోజులు మాకిచ్చెయ్యండి. మేమెప్పుడైనా చెడిపోయామా?"

"మీ డ్రమ్ములవాడు తాగి డ్రమ్ము మీదే పడి నిద్రపోయిన రోజు మర్చిపోయావా?" అంది సాలుద్ నవ్వుతూ.

తర్వాత నవ్వు ఆపి పెట్టెకేసి చూసింది.

"అయినా నువ్వన్నదీ నిజమే."

గోరియోని అందరి ముందే పిలిచి చెప్పేసింది. "నోంగ్, రేపట్నించి మీరు రానక్కర్లేదు."

గోరియో ఆమెను చూడలేదు. దెల్ఫిన్‌ను చూశాడు.

"ఏంటి చూస్తున్నారు? ఇన్నాళ్లు మా పొట్ట కొట్టింది చాలదా?"

గోరియో సంచీ సర్దుకుని, పోతూ పోతూ నెనిత దగ్గర ఆగాడు.

"బాగా పాడావు ఇందాయ్" అన్నాడు, కూతుర్ని పిలిచినట్టు.

ఆయన గేటు దాటాక నెనిత అంది. "పెద్దాయన్ని అంత మాట అనకుండా ఉండాల్సింది."

"ఆయన మీద జాలిపడితే మన మీద ఎవరు పడతారు?"

తర్వాతి ఆదివారం దెల్ఫిన్ గిటారుకు కొత్త తీగలు కట్టుకుని కూర్చున్నాడు. పదకొండయింది. పన్నెండయింది. ఫోను మోగలేదు.

ఆ పై ఆదివారమూ మోగలేదు. బేసు వాయించేవాడు బావమరిది ట్రైసికిల్ తోలడానికి వెళ్లిపోయాడు.

మూడో ఆదివారం ఉండబట్టలేక దెల్ఫినే హోటల్‌కి వెళ్లాడు.

పెట్టె ఊరంతా వినిపించేలా పాడుతోంది. ఎవరో లావుపాటి మనిషి కళ్లు మూసుకుని మైకులో అరుస్తున్నాడు.

"కొత్త మెకానిక్ వచ్చాడు తోతో. ఇక చెడిపోదట" అంది సాలుద్, కళ్లు కలపకుండా.

కొత్త మెకానిక్ అక్కడే అన్నం తింటున్నాడు.

"అంత గొప్పగా ఏం బాగు చేశావ్?" అడిగాడు దెల్ఫిన్.

"ఏముందన్నా బాగు చేయడానికి? పెట్టెకి ఏ జబ్బూ లేదు. అడుగున ఎవరో చిన్న స్విచ్చు దాచిపెట్టారు. నొక్కితే మూగబోతుంది, మళ్లీ నొక్కితే పలుకుతుంది. నేను దాన్ని పీకేశా, అంతే."

దెల్ఫిన్ వంగి పెట్టె అడుగున చూశాడు.

"ఆదివారం రిపేర్లకి ఆయన నా దగ్గర ఒక్క పెసో పుచ్చుకోలేదు" అంది సాలుద్ మెల్లగా. "పని రాదన్న సిగ్గుతోనేమో అనుకున్నాను."

దెల్ఫిన్ ఆయన అడ్రసు కనుక్కుని పరుగున వెళ్లాడు. గోరియో అద్దెగది తలుపుకి తాళం వేసి ఉంది. ఇంటావిడ తీగ మీద బట్టలు ఆరేస్తోంది.

"గురువారమే దవావో వెళ్లే ఓడెక్కాడు నాయనా, కూతురి దగ్గరికి. ఇక్కడ పని పోయిందిగా. మళ్లీ రానన్నాడు."

దెల్ఫిన్ మెట్టు మీద కూలబడ్డాడు. "అంత మంచి మెకానిక్‌ని నా నోటితో నేనే పోగొట్టుకున్నానమ్మా."

"మెకానిక్కా?" ఇంటావిడ వింతగా చూసింది. "ఆ పని యాభై దాటాక పొట్ట కోసం నేర్చుకున్నాడు నాయనా; అంతకుముందు ఇరవై రెండేళ్లు బకోలోద్‌లో ఒక డాన్సు హాల్లో ట్రంపెట్ వాయించాడు, అలాంటి పాటల పెట్టే ఒకటి వచ్చి వాళ్ల బ్యాండు మొత్తాన్నీ వీధిన పడేసేదాకా."