పన్నెండో అధ్యాయం

వదిన చెప్పుల చప్పుడు మెట్లు దిగి వీధిలో కలిసేదాకా తమ్ముడు సంచి తెరవలేదు.

"వెళ్ళిందా?" అన్నాడు అన్న మంచం మీంచి.

"వెళ్ళింది. ఆఫీసు వదిలేదాకా రాదు."

"మరి తియ్యి. నా మొహం చూస్తే ఏం లాభం?"

తమ్ముడు కేకు డబ్బా తీసి అన్న ఒళ్ళో పెట్టాడు. దుప్పటి కింద అన్న ఎడమ పాదానికి కట్టు ఉంది. ఆరు నెలల కిందట రెండు వేళ్ళు తీసేశారు. పుండు ఇంకా మానలేదు. షుగరు ఇలాగే పెరిగితే పాదం తీసేయక తప్పదని పోయిన వారం డాక్టరు చెప్పాడు. తినేది ఏమీ లేకుండా ఎలా పెరుగుతోందో వదినకి అంతుపట్టలేదు.

అన్నకి ఒకప్పుడు బేకరీ ఉండేది. "ఆయన బేకరీ నడపలేదు, తినేశారు" అంటుంది వదిన. ఆ మాట దగ్గరే తమ్ముడికి నవల తట్టింది. ఎంత తిన్నా తనివి తీరని వ్యాపారి ఒకడు ముందు దుకాణాన్ని, తర్వాత ఇంటిని, చివరికి తనను తాను తినేస్తాడు. వ్యంగ్యం. అంతకు ముందు రెండు నవలలు తిప్పి పంపిన ప్రచురణకర్త, ఈసారి పదకొండు అధ్యాయాలు చదివి తానే ఫోన్ చేశాడు.

తమ్ముడికి కళ్ళారా చూడనిదే రాయడం రాదు. నాలుగు నెలలుగా కేకులు తెస్తున్నది అందుకే.

అన్న ఒక ముక్క నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నమిలాడు. గుక్కెడు నీళ్ళు తాగి రెండో ముక్క తీశాడు. మూతికి క్రీము అంటింది. తుడుచుకోలేదు. తమ్ముడు కిటికీ వైపు తిరిగి అది రాసుకున్నాడు. రాసుకున్నాక ఇటు తిరగలేకపోయాడు.

"ఎందాకా వచ్చింది నవల?"

"పన్నెండో అధ్యాయం. అదే ఆఖరు."

"అందులో ఏమవుతుంది?"

తమ్ముడు నోటుపుస్తకం మూసేశాడు. అన్న మూడో ముక్కకి చెయ్యి పెట్టాడు. తమ్ముడు లేచి డబ్బా లాక్కున్నాడు.

"ఓరి నీ దుంప తెగ! పెట్టినట్టే పెట్టి లాక్కుంటావేంట్రా?"

"వద్దన్నయ్యా. ఆ నవల్లో ఉన్నది నువ్వే. నువ్వు తింటుంటే చూసి రాసుకోడానికే ఇవన్నీ తెచ్చాను. నీ కాలు పోతుందని తెలిసి కూడా తెచ్చాను. వదినకి నేనే చెప్తాను. నవల చింపేస్తాను."

అన్న మూతి తుడుచుకున్నాడు.

"నేను మొదటి వారమే చదివాను. నువ్వు నోటుపుస్తకం కుర్చీలో వదిలేసి ఫోన్ మాట్లాడ్డానికి వరండాలోకి వెళ్ళావు. బాగా రాశావురా. నా తిండి వల్ల ఒక్కడన్నా బాగుపడనీ. డబ్బా ఇటివ్వు."

"చదివి కూడా తిన్నావా? నీ తిండి యావకి నా నవల సాకా?"

అన్న చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఆపరేషన్ అయిన రోజు నుంచీ నాకు తీపి సయించట్లేదురా."