మంచుతాత ఒడి

అత్త చెయ్యి విదిలించుకుని, ఓడీల్ కొట్టులో వరుసకి కట్టిన తాడు కింద నుంచి దూరి మంచుతాత ముందు నిలబడింది. చంకలో మంచుతాత బొమ్మ. ఆ క్రిస్మస్‌కి న్యూ ఆర్లియన్స్‌లో ఆ పెద్ద కొట్టు అమ్ముతున్న మంచుమనిషి బొమ్మే అది.

తెల్లపిల్లల్ని ఒక్కొక్కరినే ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తల నుంచి కాళ్ళ దాకా కప్పిన తెల్లబొచ్చు వేషంలో, నోరు మెదపకుండా తల నిమిరి పంపుతున్న మంచుతాత ఆ పిల్లను చూసి బిగుసుకుపోయాడు.

“మా నాన్న ఈ కొట్టు గోడౌన్‌లోనే పనిచేస్తాడు తాతా. నువ్వు ఆయన ఫ్రెండువంట కదా? నన్నూ కూర్చోబెట్టుకో.”

మేనేజరు పరుగున వచ్చాడు.

“నల్లపిల్లలు తాడు బయట నుంచే చూడాలి. ఏవయ్యా, నువ్వే పంపెయ్. లేదంటే రేపట్నించి రానక్కర్లేదు.”

 మంచుతాత బొచ్చు తొడుగు చేత్తో ఆ పిల్ల భుజం పట్టుకుని తాడు బయటికి నెట్టాడు. వరుసలో పిల్లలు పకపకా నవ్వారు.

సాయంత్రం ఆల్సీడ్ ఇంటికొచ్చేసరికి కూతురి ముందు చిక్కుళ్ళన్నం చల్లారిపోయి ఉంది.

“నాన్నా, ఆ మంచుతాత మంచోడు కాదు. వాడితో జట్టు వద్దు, పచ్చి కొట్టెయ్.”

“సరే తల్లీ.”

“ఒట్టు?”

“ఒట్టు.”

“చూడు, ఇక్కడ పట్టుకుని నెట్టాడు.”

ఆ భుజం మీద చెయ్యి వెయ్యబోయి, ఆల్సీడ్ వెనక్కి తీసుకున్నాడు.

ఓడీల్ బొమ్మను ఆ చేతిలో కుక్కింది.

“రేపు దీన్ని వాడి మొహాన కొట్టి రా.”

ఆల్సీడ్ తలూపాడు. పొద్దున్నే ఆ తెల్లటి మొహాన్ని మళ్ళీ తొడుక్కోవాల్సింది తనే.