చేతిపని

ఊళ్లో ప్రతి చేనుకీ ఒక మరమనిషి వచ్చేసిన రోజుల్లో, ఓబులేసు ఇంటికీ ఒకటి వచ్చింది. అది బీడులో తుమ్మకంపంతా కొట్టేసింది, గొడ్లకి రేకుల షెడ్డు వేసింది, మొరాయించిన బోరు మోటారునీ బాగుచేసింది. భార్య సుంకులమ్మ దాన్ని చూసి మురిసిపోతుంటే ఓబులేసుకి కడుపు మండేది. ఆ మెచ్చుకోళ్లన్నీ ఒకప్పుడు తనవి.

ఒక పొద్దున ఎవరూ చూడకుండా దాని మోకాలి దగ్గర వైరు పీకేశాడు. మరమనిషి చేలోనే కూలబడింది.

"రోంత చూడవయ్యా," అంది సుంకులమ్మ. సాయంత్రందాకా కుస్తీపడుతున్నట్టు నటించి, చివరికి వైరు తగిలించాడు. అది లేచి నిలబడింది.

"నీ చేతిపనే వేరు," అందామె. ఓబులేసు ఛాతీ పొంగింది.

మజ్జిగ చెంబు అందిస్తూ ఆమే మెల్లగా అంది: "పీకింది నువ్వేనని అది పొద్దున్నే చెప్పింది. ఇకమీదట మోటారు పని నీకే వదిలేయమంటాలే."

ఓబులేసు తలెత్తకుండా మజ్జిగ తాగాడు.